మాటల లెక్కలు: అంకె కన్నా ముందు విభక్తి చూడండి

అన్న దగ్గర 24 పెన్సిళ్లున్నాయి. అవి చెల్లెలి దగ్గరున్న వాటికన్నా 6 ఎక్కువ. చెల్లెలి దగ్గర ఎన్ని ఉన్నట్టు?

దీనికి 30 అని రాసేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు కూడిక రాక కాదు. 24, 6 కలిపితే 30 అన్నది నిజమే. "ఎక్కువ" అన్న మాట కంటబడగానే చెయ్యి కూడిక గుర్తు పెట్టేసింది. ఎక్కువున్నది ఎవరి దగ్గరో చూసుకోలేదు. ఎక్కువున్నది అన్న దగ్గర, కాబట్టి చెల్లెలి దగ్గర 18.

మాటల్లో ఇచ్చిన లెక్కలు తప్పడానికి ఎక్కాలు రాకపోవడం కన్నా వాక్యం పట్టుబడకపోవడమే చాలాసార్లు కారణం. దీనికి మందుగా కొందరు ఒక పట్టిక బట్టీ పట్టిస్తారు: "మొత్తం" అంటే కూడిక, "మిగిలినవి" అంటే తీసివేత, "ఒక్కొక్కరికి" అంటే భాగహారం. ఈ మందు కూడిక పాఠం చివరి అభ్యాసంలో బాగానే పనిచేస్తుంది. అక్కడ ఉన్నవన్నీ కూడిక లెక్కలే కదా! పాఠాలన్నీ కలిపి పరీక్ష పెట్టిన రోజున అదే పట్టిక ముంచుతుంది. "ఒక్కొక్కరికి 4 పుస్తకాలు, 7 మంది, మొత్తం ఎన్ని?" అన్నప్పుడు "ఒక్కొక్కరికి" ఉన్నా చేయాల్సింది గుణకారం. "5 ఇచ్చేశాక 12 మిగిలినవి, మొదట ఎన్ని?" అన్నప్పుడు "మిగిలినవి" ఉన్నా చేయాల్సింది కూడిక. ఆ పట్టికను మరిచిపోవడం మంచిది.

విభక్తి చూపించే దారి

తెలుగు వాక్యంలో ఏది ఆధారమో, దేనితో పోలుస్తున్నామో విభక్తి ప్రత్యయమే చెప్పేస్తుంది. ఏ పేరుకు "కన్నా" లేదా "కంటే" తగిలిందో అది ఆధారం. "రెట్లు" అన్న మాట ఉంటే దానికి ముందు "కు", "కి" తగిలిన పేరు ఆధారం. "వంతు", "శాతం" ఉంటే "లో" తగిలిన పేరు ఆధారం. ఆ పేరు కింద గీత గీసి, వాక్యాన్ని ఇలా తిరగరాయండి: ముందు ఆధారం, తర్వాత దాన్ని ఏం చేశారో, చివర వచ్చిన ఫలితం.

"పెద్ద డబ్బా చిన్న డబ్బాకన్నా 5 లీటర్లు ఎక్కువ పడుతుంది" అంటే, చిన్నది + 5 = పెద్దది.
"పొడుగు తాడు పొట్టి తాడుకు 3 రెట్లుంది" అంటే, పొట్టిది × 3 = పొడుగుది.
"ట్యాంకులో ఐదింట రెండు వంతులు నిండింది" అంటే, ట్యాంకు × 2/5 = ఉన్న నీళ్లు.

ఇక చూడాల్సింది ఒక్కటే. మనకు ఇచ్చిన అంకె ఎడమవైపు ఆధారానిదా, కుడివైపు ఫలితానిదా? ఆధారం తెలిస్తే రాసింది రాసినట్టే చేసుకుపోవాలి. ఫలితం తెలిసి ఆధారం తెలియకపోతే వెనక్కి నడవాలి: కూడికకు బదులు తీసివేత, గుణకారానికి బదులు భాగహారం. మొదటి లెక్కలో "వాటికన్నా" అన్నది చెల్లెలి పెన్సిళ్లకు తగిలింది. చెల్లెలు + 6 = అన్న. తెలిసింది అన్న సంఖ్య, కాబట్టి 24 − 6.

ఒక్క ప్రత్యయం తేడాతో జవాబు తలకిందులయ్యే చోట్లు ఇంకా ఉన్నాయి. నీటిమట్టం "20 శాతం తగ్గింది" అంటే 100 ఉన్నది 80 అయింది. "20 శాతానికి తగ్గింది" అంటే 100 ఉన్నది 20 అయింది. వేగంగా చదివేవాళ్ల కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. "5 రెట్లయింది" అంటే 10 ఉన్నది 50 అయింది, ఇందులో పేచీ లేదు. "5 రెట్లు పెరిగింది" అన్నప్పుడు మాత్రం కొందరు 50 అంటారు, కొందరు పెరిగిందే 50 కాబట్టి 60 అంటారు. లెక్క మీరే తయారుచేస్తుంటే ఆ వాక్యం జోలికి పోకండి, "5 రెట్లయింది" అనే రాయండి.

"లో" ముందు ఉండాల్సిన పేరును ఎగరగొట్టడం ఇంకో తలనొప్పి. 120 లీటర్ల నీళ్లలో ముందు మూడో వంతు, తర్వాత నాలుగో వంతు వాడారు. నాలుగో వంతు దేనిలో? "మిగిలినదానిలో" అయితే: 40 పోయి 80 మిగిలింది, అందులో 20 పోయి 60 మిగిలింది. "మొత్తంలో" అయితే: 40, 30 పోయి 50 మిగిలింది. 1/3, 1/4 కలిపి 7/12 అనడానికి రెండో సందర్భంలోనే హక్కుంది. రెండు భిన్నాలను కలిపే ముందు రెండూ ఒకే వస్తువులో భాగాలేనా అని చూడటం తప్పనిసరి. శాతాలకూ ఇదే వర్తిస్తుంది, ఆ సంగతి కిందికి వచ్చాక.

కాగితం మీద పని

ఈ లెక్క తీసుకుందాం. ఒక ట్యాంకులో 900 లీటర్లు పడతాయి. దాని ఎత్తు 2 మీటర్లు. ఇప్పుడు మూడో వంతు నిండి ఉంది. నిమిషానికి 20 లీటర్ల చొప్పున నీళ్లు పోసే పంపు తిప్పారు. అడుగున చిల్లుండి నిమిషానికి 5 లీటర్లు కారిపోతున్నాయి. ట్యాంకు ఎంతసేపటికి నిండుతుంది?

ముందు చివరి వాక్యం చదివి, జవాబు వాక్యాన్ని ఖాళీతో రాసిపెట్టుకోండి: "ట్యాంకు నిండడానికి ____ నిమిషాలు పడుతుంది." యూనిట్ అప్పుడే రాసేయాలి. లీటర్లలో జవాబు తెచ్చి నిమిషాల చోట పెట్టే తప్పు దీనితో సగం ఆగిపోతుంది.

తర్వాత లెక్కంతా అంకెలు తీసేసి చదవండి. "కొంత నీళ్లు పట్టే ట్యాంకు, కొంత నిండి ఉంది, పైనుంచి కొంత వస్తోంది, కిందనుంచి కొంత పోతోంది, ఎప్పుడు నిండుతుంది?" అంకెలు కనబడుతున్నంతసేపూ మనసు వాటిని ఏదో ఒకటి చేసేయమని తొందర పెడుతుంది. అవి లేకపోతే కథ కనబడుతుంది: ఖాళీ ఎంతుందో కావాలి, నిమిషానికి నికరంగా ఎంత పెరుగుతుందో కావాలి. ఇక్కడికే లెక్క ముక్కాలు వంతు అయిపోయినట్టు.

ఇప్పుడు అంకెలు దింపండి. అంకె ఒక్కటే దింపకూడదు, అది దేనిదో పక్కనే ఉండాలి. 900 లీటర్లు, నిండు ట్యాంకు. 1/3, ట్యాంకులో, ఇప్పుడున్నది. 20 లీటర్లు, నిమిషానికి, లోపలికి. 5 లీటర్లు, నిమిషానికి, బయటికి. 2 మీటర్లు, ఎత్తు. దీనితో పనిలేదు, కొట్టేయండి. ఇచ్చిన ప్రతి అంకెనూ వాడి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కప్తాను వయసెంత అని అడిగితే చాలామంది పిల్లలు నిక్షేపంగా 36 అని రాశారన్నది గణిత బోధన గురించి రాసేవాళ్లు తరచూ చెప్పే ఉదాహరణ. 36 కప్తాను వయసుకు సరిపోయేలా ఉండటం కూడా వాళ్ల కొంప ముంచింది.

చేసే ముందు ఒక అంచనా. చిల్లు లేకపోతే 600 లీటర్ల ఖాళీ 30 నిమిషాల్లో నిండేది. చిల్లుంది కాబట్టి జవాబు 30 కన్నా ఎక్కువే. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే 900 ÷ 15 = 60 నిమిషాలు పట్టేది. అది ఖాళీగా లేదు కాబట్టి 60 కన్నా తక్కువే. 30కీ 60కీ నడుమ వచ్చేదాన్నే ఒప్పుకుంటాం.

900 × 1/3 = 300 లీటర్లున్నాయి. 900 − 300 = 600 లీటర్ల ఖాళీ. 20 − 5 = నిమిషానికి 15 లీటర్ల పెరుగుదల. 600 ÷ 15 = 40 నిమిషాలు.

ఈ లెక్కలో సాధారణంగా వచ్చే తప్పు జవాబులు చూడండి: 20 (ఉన్న 300ను 15తో భాగించారు), 24 (చిల్లును కూడా కలిపి 25తో భాగించారు), 60 (ఉన్న నీళ్లు మరిచారు). మూడూ అంచనా గీతల బయటో, గీత మీదో పడ్డాయి. 45 మాత్రం లోపలికి దూరుతుంది (900ను 20తో భాగించారు: రెండు తప్పులు ఒకదాన్నొకటి సర్దుకున్నాయి). అందుకే సరిచూడటం వేరేగా ఉండాలి. సరిచూడటమంటే చేసిన భాగహారాన్నే మళ్లీ చేయడం కాదు. జవాబును కథలో పెట్టి నడిపించాలి. 45 నిమిషాల్లో వచ్చింది 900, పోయింది 225, ముందున్నది 300; మొత్తం 975, ట్యాంకు పొర్లిపోయింది. 40 నిమిషాల్లో వచ్చింది 800, పోయింది 200, ముందున్నది 300, మొత్తం 900. సరిపోయింది.

గళ్లు గీయడం

రెండు తెలియని రాశులు, వాటి మధ్య పోలిక ఉన్న లెక్కలకు x, y లు పెట్టక్కర్లేదు, పొడుగు గళ్లు గీస్తే చాలు. రెండు తాళ్లు కలిపి 84 మీటర్లు. ఒకటి రెండోదానికి 3 రెట్లు. పొట్టి తాడుకు ఒక గడి, పొడుగు తాడుకు అవే గళ్లు మూడు. మొత్తం నాలుగు గళ్లు 84 మీటర్లు, ఒక్క గడి 21. తాళ్లు 21, 63.

బొమ్మ గీయకుండా నోటితో చెప్పేస్తే దెబ్బతినే లెక్క ఒకటుంది. పెట్టె, మూత కలిపి 110 గ్రాములు. పెట్టె మూతకన్నా 100 గ్రాములు ఎక్కువ. మూత బరువెంత? నోటికి ముందొచ్చేది 10. మూత 10 అయితే పెట్టె దానికన్నా 100 ఎక్కువ కాబట్టి 110, రెండూ కలిపి 120 అయిపోయింది. గళ్లు గీయండి: మూతకు ఒక చిన్న గడి, పెట్టెకు అలాంటి చిన్న గడి ఒకటి, దాని పక్కన 100. మొత్తం 110లో ఆ 100 తీసేస్తే రెండు చిన్న గళ్లు 10. మూత 5, పెట్టె 105.

వయసుల లెక్కలకు ఒకే తాళంచెవి: ఎన్నేళ్లు గడిచినా ఇద్దరి వయసుల తేడా మారదు. తండ్రికి 36, కొడుక్కి 8. తండ్రి వయసు కొడుకు వయసుకు రెట్టింపయ్యేది ఎప్పుడు? తేడా 28. రెట్టింపైన నాడు తండ్రివి రెండు గళ్లు, కొడుకుది ఒక గడి, తేడా ఒక గడి. అంటే కొడుకు వయసు 28. ఇంకా 20 ఏళ్లుంది. అప్పటికి తండ్రికి 56.

శేషాన్ని ఏం చేయాలి?

1128 మందిని బస్సుకు 36 మంది చొప్పున తీసుకుపోవాలి. ఎన్ని బస్సులు కావాలి? అమెరికాలో 1983లో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇలాంటి లెక్కే ఇచ్చారు. భాగహారం చాలామంది సరిగ్గానే చేశారు. అయితే "31, శేషం 12" అని బస్సుల సంఖ్య రాసినవాళ్లు, 32 అని సరైన జవాబు రాసినవాళ్లకన్నా ఎక్కువ మంది తేలారు. శేషం 12 బస్సు కాదు, ఇంకా నిలబడి ఉన్న 12 మంది మనుషులు.

అదే భాగహారం, ప్రశ్న మారితే జవాబు మారుతుంది. ఎన్ని బస్సులు కావాలి: 32. ఎన్ని బస్సులు పూర్తిగా నిండుతాయి: 31. చివరి బస్సులో ఎంతమంది: 12. అందులో ఖాళీ సీట్లెన్ని: 24. క్యాలిక్యులేటర్ 31.333 అని చూపిస్తే ఆ .333ని మనుషులనుకోకండి, దాన్ని 36తో గుణిస్తే 12 వస్తుంది, మనుషులు వాళ్లు. "కావాలి", "పట్టాలి" అంటే సాధారణంగా పైకి సవరించాలి. "ఎన్ని తయారవుతాయి", "ఎన్ని ముక్కలు వస్తాయి" అంటే కిందికి. 10 మీటర్ల గుడ్డలోంచి 3 మీటర్ల ముక్కలు మూడే వస్తాయి, 3.33 రావు.

కంబాలు, కోతలు, రోజులు

100 మీటర్ల తిన్నని దారి పొడుగునా 5 మీటర్లకొకటి చొప్పున, రెండు చివర్లలోనూ ఉండేలా కంబాలు పాతితే 20 కావు, 21. ఖాళీలు 20, కంబాలు ఒకటి ఎక్కువ. అదే 100 మీటర్లు గుండ్రంగా చుట్టూ తిరిగి వస్తే మొదటిదీ చివరిదీ ఒకటే కంబం, అప్పుడు 20. దుంగను 8 ముక్కలు చేయడానికి 7 కోతలు. ఒక కోతకు 3 నిమిషాలైతే 21 నిమిషాలు, 24 కాదు. 37వ పేజీ నుంచి 61వ పేజీ వరకు చదివితే 61 − 37 + 1 = 25 పేజీలు. 12వ తేదీ ఉదయం నుంచి 20వ తేదీ రాత్రి వరకు 9 రోజులు, ఆ మధ్య రాత్రులు మాత్రం, చివరి రాత్రి లెక్కలోకి రాకుంటే, 8.

ఒకటి కలపాలా వద్దా అన్న అనుమానం వచ్చినప్పుడు సూత్రం గుర్తు తెచ్చుకోవడం కన్నా చిన్న అంకెతో చేసి చూడటం నయం. 100 మీటర్లకు బదులు 10 మీటర్లు అనుకుని మూడు చుక్కలు పెట్టండి: 0, 5, 10. ఖాళీలు రెండు, కంబాలు మూడు. తేలిపోయింది.

కాలం, కొలతలు

గంటకు 60 నిమిషాలు, 100 కాదు. తెలిసిన సంగతే అయినా 1.20లోంచి 9.45 తీసేయబోయి చిక్కుల్లో పడేవాళ్లున్నారు. మెట్లెక్కినట్టు పోవడం మేలు: ఉదయం 9.45 నుంచి 10కి 15 నిమిషాలు, 10 నుంచి మధ్యాహ్నం 1కి 3 గంటలు, అక్కణ్నుంచి 20 నిమిషాలు; 3 గంటల 35 నిమిషాలు. క్యాలిక్యులేటర్ 2.25 గంటలని చూపిస్తే అది 2 గంటల 15 నిమిషాలు, 0.6 గంట అంటే 36 నిమిషాలు.

వైశాల్యంలో ఇంకో గుంట ఉంది. మీటరుకు 100 సెంటీమీటర్లే గానీ చదరపు మీటరుకు 10,000 చదరపు సెంటీమీటర్లు. 3.6 మీటర్ల పొడుగు, 2.7 మీటర్ల వెడల్పున్న గదికి 30 సెంటీమీటర్ల చదరపు పలకలు ఎన్ని కావాలంటే, వైశాల్యాలకు పోకుండా ముందే అన్నీ సెంటీమీటర్లు చేసుకోండి: 360 ÷ 30 = 12, 270 ÷ 30 = 9, మొత్తం 108. ఘనపు మీటరుకు 1000 లీటర్లు. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లు చేయాలంటే 5/18తో గుణించాలి: గంటకు 72 కి.మీ. అంటే సెకనుకు 20 మీటర్లు. 150 మీటర్ల రైలు 250 మీటర్ల వంతెన దాటాలంటే 400 మీటర్లు పోవాలి, తోక కూడా దాటాలి కదా, 20 సెకన్లు.

త్రైరాశికం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు

మూడు తెలిస్తే నాలుగోది చెప్పే పద్ధతి త్రైరాశికం. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే దీన్ని సూత్రంగా చెప్పాడు. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులు. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం. 4 గంటలకు 180 కి.మీ. అయితే 7 గంటలకు? 180 × 7 ÷ 4 = 315. ఒక గంటకు 45 అని కనుక్కుని 7తో గుణించినా అదే, దాన్నే బడిలో ఏకవస్తు మార్గం అంటారు. ప్రమాణం, ఇచ్ఛ ఒకే జాతి రాశులై ఉండాలన్నది మరవకూడదు. అవి రెండూ గంటలే.

సూత్రం పెట్టే ముందు ఒక ప్రశ్న: మొదటిది రెట్టింపైతే రెండోది ఏమవుతుంది? రెట్టింపైతే పైది పనిచేస్తుంది. సగమైతే వ్యస్త త్రైరాశికం: 6 మంది 10 రోజుల్లో చేసే పనిని 15 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? పనంతా 60 మనిషి-రోజులు; 60 ÷ 15 = 4. మూడో దారి కూడా ఉందని చాలామంది మరిచిపోతారు: ఏమీ మారకపోవచ్చు. 10 మంది కలిసి పాడే పాటకు 6 నిమిషాలు పడితే 20 మంది పాడితే ఎంతసేపు? 6 నిమిషాలే. 5 చొక్కాలు ఎండలో 2 గంటలకు ఆరితే, తాడు మీద చోటుంటే, 10 చొక్కాలకూ 2 గంటలే.

పెరుగుదల, తరుగుదల రెండూ కలిసొస్తే ఒక్కోదాన్నీ ఒక్కో మెట్టుగా మార్చండి. 5 యంత్రాలు 5 నిమిషాల్లో 5 వస్తువులు చేస్తే 100 యంత్రాలు 100 వస్తువులను ఎంతసేపట్లో చేస్తాయి? ఒక్కో యంత్రం 5 నిమిషాలకు ఒక వస్తువు చేస్తోంది. 100 యంత్రాలు అదే 5 నిమిషాల్లో 100 చేస్తాయి.

ఇద్దరు కలిసి చేసే పని లెక్కల్లో రోజులను కలపడం గానీ సగటు తీయడం గానీ కుదరదు. ఒకరికి 6 రోజులు, ఇంకొకరికి 12 రోజులు పట్టే పనికి ఇద్దరూ కలిస్తే 9 రోజులంటే, మొదటివాడు ఒక్కడే 6 రోజుల్లో చేసేవాడు కదా, రెండోవాడు సాయానికొచ్చి చెడగొట్టాడా? 6, 12ల క.సా.గు. 12; పనిని 12 భాగాలనుకోండి. మొదటివాడు రోజుకు 2, రెండోవాడు 1, కలిపి 3. 12 ÷ 3 = 4 రోజులు. భిన్నాల బాధ లేదు.

సగటును సగటు చేయకండి

పోయేటప్పుడు గంటకు 60 కి.మీ., అదే దారిలో తిరిగొచ్చేటప్పుడు గంటకు 40 కి.మీ. సగటు వేగం 50 కాదు. దూరం 120 కి.మీ. అనుకుంటే పోవడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు, 240 కి.మీ.లకు 5 గంటలు, గంటకు 48. తక్కువ వేగంతో ఎక్కువసేపు నడిచారు కాబట్టి సగటు అటువైపు మొగ్గింది. రెండు వేగాలతో చెరో గంట నడిచి ఉంటే 50 సరైనదే అయ్యేది. తరగతుల మార్కులూ అంతే: 20 మంది సగటు 60, 30 మంది సగటు 70 అయితే మొత్తం మార్కులు 1200 + 2100 = 3300, 50 మందికి సగటు 66. సగటు కనబడితే దాన్ని మొత్తంగా మార్చుకోవడం అలవాటు చేసుకోండి. మొత్తాలను కలపొచ్చు, సగటులను కలపకూడదు.

శాతం: దేనిలో?

20 శాతం పెరిగి, తర్వాత 20 శాతం తగ్గితే మొదటికి రాదు. 100 పెరిగి 120 అయింది, తగ్గింది 120లో 20 శాతం, అంటే 24, మిగిలింది 96. ఆధారం మారిపోయింది. 20 శాతం తగ్గింపు మీద మరో 10 శాతం తగ్గిస్తే 100, 80, 72. మొత్తం తగ్గింపు 30 కాదు, 28 శాతం. 40 శాతం ఉన్నది 50 శాతానికి చేరితే పెరిగింది 10 శాతం పాయింట్లు, పెరుగుదల రేటు మాత్రం 25 శాతం.

ఎక్కువమంది బోల్తాపడేది వెనక్కి నడిచే చోట. ట్యాంకులో 20 శాతం నీళ్లు కారిపోయాక 640 లీటర్లున్నాయి. మొదట ఎన్ని? 640కి దానిలో 20 శాతం కలిపి 768 అంటే తప్పు. ఆ 20 శాతం మొదటి నీళ్లలోది, 640లోది కాదు. మొదటిదానిలో 80 శాతం 640 అయితే, 10 శాతం 80, 100 శాతం 800. సరిచూడండి: 800లో 20 శాతం 160, పోగా 640.

ఆధారం మారడం ఎంత తమాషా చేస్తుందో ఇక్కడ చూడండి. 100 కిలోల ఉప్పునీళ్లలో 99 శాతం నీరు. కొంత ఆవిరై నీటి వాటా 98 శాతానికి వచ్చింది. ఇప్పుడు బరువెంత? 99 కిలోలని చెప్పబుద్ధేస్తుంది. మారకుండా ఉన్నదాన్ని పట్టుకోండి: ఉప్పు, 1 కిలో. ముందు అది 1 శాతం, ఇప్పుడు 2 శాతం. 1 కిలో 2 శాతమైతే మొత్తం 50 కిలోలు. సగం బరువు ఆవిరైపోయింది! మిశ్రమాల లెక్కలన్నిట్లోనూ ఈ ఎత్తుగడే.

ఊహించి మొదలుపెట్టడం, చివరినుంచి రావడం

ఒక సంఖ్య, దానిలో సగం, దానిలో మూడో వంతు కలిపితే 66. ఆ సంఖ్య ఎంత? 2తోనూ 3తోనూ తెగే సంఖ్య ఏదో ఒకటి ఊహించండి, 6 అనుకుందాం: 6 + 3 + 2 = 11. కావలసింది 66, అంటే 6 రెట్లు. కాబట్టి సంఖ్య 36. భాస్కరాచార్యుడి లీలావతిలో (1150) దీని పేరు ఇష్టకర్మ. కథలో రెట్లు, వంతులు మాత్రమే ఉంటేనే ఇది నడుస్తుంది. మధ్యలో "ఇంకా 5 కలిపితే" అని ఒక స్థిర సంఖ్య చొరబడితే చెడుతుంది. అప్పుడు ముందు ఆ 5ను తీసేసి తర్వాత ఊహించాలి.

చివరి ఫలితం ఇచ్చి మొదటిది అడిగితే చివరినుంచి నడవండి. ఒక సంఖ్యను 3తో గుణించి, 5 కలిపి, సగం చేస్తే 19 వచ్చింది. 19 రెట్టింపు 38, 5 తీసేస్తే 33, 3తో భాగిస్తే 11. వరస తిప్పాలి, పనులనూ తిప్పాలి. ఒకటి తిప్పి ఇంకొకటి మరవడమే ఇక్కడి మామూలు తప్పు.

పిల్లలకు చెప్పేటప్పుడు

"కూడాలా, తీసేయాలా?" అని పిల్లలడిగితే జవాబు చెప్పకండి. "ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు" అనండి. చెప్పలేకపోతే లెక్క రాలేదని కాదు, వాక్యం అర్థం కాలేదని. అక్కడ ఇంకో పది లెక్కలు చేయించినా ఫలం ఉండదు. అంకెలు పెద్దవై బెదిరితే వాటి చోట 2, 3, 10 పెట్టి అదే కథ చేయించండి, చేసిన దారి చూసుకుని పెద్ద అంకెలతో మళ్లీ చేస్తారు. ఇంకో మంచి పని: 7 × 4 + 3 అని రాసిచ్చి, దీనికి సరిపోయే కథ అల్లమనడం. ప్రశ్న తీసేసి కథ మాత్రమే ఇచ్చి, "దీంతో ఏమేం అడగొచ్చు?" అన్నా బాగుంటుంది. చివరగా, తప్పు జవాబు వస్తే ఎర్రగీత కొట్టే ముందు ఆ జవాబు ఏ ప్రశ్నకు సరైనదో వాళ్లనే వెతకమనండి. 30 అని రాసిన పిల్లాడు, "చెల్లెలి దగ్గర అన్నకన్నా 6 ఎక్కువుంటే" అన్న ప్రశ్నకు జవాబు రాశాడు.

చేసి చూడటానికి నాలుగు

ఒకటి. నత్త 10 మీటర్ల బావిలోంచి పగలు 3 మీటర్లు ఎక్కుతుంది, రాత్రి 2 మీటర్లు జారుతుంది. ఎన్నో రోజున బయటపడుతుంది?
రెండు. చెరువులో నాచు రోజుకు రెట్టింపవుతూ 30వ రోజుకు చెరువంతా కమ్ముకుంది. సగం చెరువు ఎన్నో రోజుకు నిండింది?
మూడు. గడియారం 6 గంటలు కొట్టడానికి, మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ వరకు, 5 సెకన్లు పట్టింది. 12 గంటలు కొట్టడానికి?
నాలుగు. ఒక సంఖ్యలో నాలుగింట మూడు వంతులు 48. ఆ సంఖ్యలో సగం ఎంత?

జవాబులు: మొదటిదానికి 8వ రోజు, 7 రోజులకు 7 మీటర్లు, 8వ పగలు 10కి చేరి బయటపడ్డాక ఇక జారదు. రెండోదానికి 29వ రోజు. మూడోదానికి 11 సెకన్లు. ఆరు దెబ్బల మధ్య ఖాళీలు 5, పన్నెండు దెబ్బల మధ్య 11. నాలుగోదానికి 32, 24 వచ్చిందంటే 48లో సగం తీశారు, "లో" తగిలింది 48కి కాదు.